మూడో ట్యాగ్

పోయినవారం పిన్నిని మనం కుట్టుమిషన్ ముందు వదిలేసి వచ్చాం. చేతిలో ఫోను, ఫోను మీద బొటనవేలు, వేలి కింద ఒక ట్యాగ్: #నానీలి.

మరిచిపోయినవాళ్ళకి రెండు మాటలు. పిన్ని చిన్నపిల్లల గౌన్లు కుడుతుంది. ఉండేది అక్కావాళ్ళింట్లోనే. వీధివైపు గది ఆమె షాపు. అక్క కూతురు, ఆరేళ్ళ గువ్వ, ఆమె మోడల్. కొత్తగా కుట్టిన ప్రతి గౌనూ ముందు గువ్వకి తొడిగి, ఫోటో తీసి, కింద ఛాతీ ఇంత, పొడవు ఇంత అని కొలతలు రాసి, #గువ్వగౌను అని తగిలిస్తుంది. కొనుక్కున్న తల్లులు కూడా తమ పిల్లల ఫోటోలకి అదే తగిలిస్తారు. ఆ మాట నొక్కితే చాలు, ఎక్కడెక్కడి పిల్లలో బడి గంటకి వరసలో నిలబడ్డట్టు కనిపిస్తారు. గువ్వ 'పిన్నీ' అని పిలవడం వీడియోల్లో విని, ఆమెకన్నా పదేళ్ళు పెద్ద ఆడవాళ్ళు కూడా 'పిన్నిగారూ, మా దానికి కుచ్చులు ఎక్కువ పెట్టండి' అనడం మొదలుపెట్టారు. ముప్పై రెండేళ్ళకే ఊరందరికీ పిన్ని అయిపోయింది.

పది రోజుల కిందట పసుపుపచ్చ గౌను ఒకటి కుట్టింది. గువ్వ తలకి ఎప్పుడూ ఉండే వెడల్పాటి ఎర్ర బ్యాండు ఆ గౌను మీద నప్పలేదు. తీసేసింది. నుదుటి పైన, పాపిట మొదట్లో, పుట్టుకతో వచ్చిన తెల్లటి జుట్టు పాయ బయటపడింది. ఫోటో ముద్దొచ్చేలా ఉంది. ఇంకో నలుగురి కళ్ళలో పడుతుంది కదా అని #తెల్లపాయ అని ఇంకొకటి తగిలించింది. నాలుగు రోజులకి, ముఖం లేని ఖాతా ఒకటి అదే ఫోటోని మళ్ళీ పెట్టింది. 'పసుపు రంగు నీకు బాగుంది' అని రాసింది. కింద పిన్ని పెట్టిన ట్యాగ్‌లు రెండూ ఉన్నాయి. వాటి పక్కన ఎవరూ ఎరగని మూడోది.

పిన్ని దాన్ని నొక్కింది.

తొమ్మిది ఫోటోలు వచ్చాయి. తొమ్మిదీ ఆ ఒక్క ఖాతావే. పిన్నికి ముందు వింతగా తోచింది ఇదే. జనం ట్యాగ్ పెట్టేది పదిమందీ చూడాలని. ఈవిడ మాత్రం ఎవరూ రాని వీధిలో ఇల్లు కట్టుకుని, ఆరేళ్ళుగా ఒక్కతే దీపం పెట్టుకుంటున్నట్టుంది.

అన్నిటికన్నా పాతది చూసింది. వెల్లవేసిన గోడ, మేకు, మేకుకి వేలాడుతున్న చిన్న గౌను. తొడుక్కున్నవాళ్ళు లేరు. కింద రాత: 'నీ తల ఒక్కటే చూశాను. ఏడాది నిండింది. ఈ ఏడు నీకు ఇది సరిపోయేది.'

తర్వాతిది సరిగ్గా ఏడాదికి, అదే తారీఖున పెట్టింది. అదే గోడ, అదే మేకు. గౌను కొంచెం పెద్దది. 'ఈ ఏడు నీకు ఇది సరిపోయేది.' మూడోది. నాలుగోది. రాత మారలేదు. మారింది కుట్టు. అది పిన్ని కంటికి తప్ప ఇంకెవరికీ తెలియదు. మొదటి గౌనుకి చేతికుట్టు వంకరటింకరగా పోయింది, చంక దగ్గర గుడ్డ ముడతలు పడింది, బొత్తాం కాజా పిగిలిపోయింది. మూడో ఏటికి అంచు మడత తిన్నగా వచ్చింది. అయిదో ఏటికి మిషన్ కొనుక్కుంది. ఆరో గౌను చూసి పిన్ని, 'ఈవిడని నేను పనిలో పెట్టుకోవచ్చు' అనుకుంది. అనుకున్నాక మళ్ళీ మొదటి గౌను దగ్గరికి వెళ్ళి చూసింది. లేని పిల్ల కోసం గుడ్డ కత్తిరించి, సూది పట్టడం నేర్చుకుని, ఆరేళ్ళలో చెయ్యి తిరిగిన టైలరైంది ఎవరీ మనిషి?

ఏడోది పాత స్టూడియో ఫోటోకి తీసిన ఫోటో. ఏడేళ్ళ ఆడపిల్ల బల్ల మీద కూర్చుని ఉంది. పాపిట మొదట్లో తెల్లటి పాయ. 'నాది మా అమ్మమ్మది. నీది నాది' అని కింద రాత. పసుపు గౌను ఫోటో కాక, ఈ ఒక్కదానికే #తెల్లపాయ కూడా ఉంది. పెట్టి మూడు నెలలు దాటింది.

పిన్ని #తెల్లపాయ నొక్కి చూసింది. లోకం మొత్తం మీద పన్నెండు ఫోటోలు. నాలుగు ఆవుదూడలవి, అయిదు జుట్టుకి రంగులేసే పార్లర్లవి. మిగిలిన మూడింట్లో, ఆ ఖాతా మళ్ళీ పెట్టిన పసుపు గౌనుతో కలిపి, ఉన్నది ఇద్దరే. ఆ స్టూడియో పిల్ల, గువ్వ. ఫోను తెరమీద ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. ఒక్క అచ్చులో పోసినట్టు అదే నుదురు, అదే పాయ, నవ్వితే ఎడమవైపుకే వంగే అదే పెదవి. ఆ ఇద్దర్నీ తెచ్చి పక్కన కూర్చోబెట్టింది ఎవరు? పిన్ని వేలే. ఇంకో నలుగురు చూస్తారని.

ఎనిమిదోది ఎలాగూ తెలిసిందే, పసుపు గౌను. తొమ్మిదోది మొన్న పెట్టింది. ఆరో ఏటి గౌనే, ఈసారి గోడమీద లేదు. బల్లమీద పరిచి ఉంది. పక్కకుట్టు విప్పి మళ్ళీ వేసినట్టు కొత్త దారం తెలుస్తోంది. పైన అడ్డంగా టేపు పెట్టింది. పిన్ని తెరని వేళ్ళతో పెద్దది చేసి అంకె చదివింది. ఛాతీ ఇరవై మూడు. అది గువ్వ కొలత. పసుపు గౌను కింద తనే రాసిన కొలత.

'ఒక్క అంగుళం తగ్గించాను. ఇప్పుడు సరిపోతుంది.'

ఆరేళ్ళుగా 'సరిపోయేది' అని రాసిన చెయ్యి మొన్న 'సరిపోతుంది' అని రాసింది. పిన్ని ఆ రెండు మాటల మధ్య చాలాసేపు కూర్చుండిపోయింది.

అక్క రెండుంబావుకి వచ్చింది. గువ్వ ఇంకా బడిలోనే ఉంది. ప్రసూతి వార్డులో నర్సు. పొద్దున డ్యూటీ. గొడుగు ముడిచి గుమ్మం పక్కన ఆనించి, చెప్పులు విడిచి, యూనిఫాం మార్చుకోకుండానే వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. డ్యూటీ నుంచి రాగానే మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కోవడం ఆమెకి పదిహేనేళ్ళ అలవాటు.

"ఏమే, తిన్నావా? మొహం అలా పీక్కుపోయిందేం?"

"అక్కా, ఒకటి చూపిస్తాను. కోప్పడకు."

"మళ్ళీ ఎవతో గౌను తిప్పి పంపిందా?"

పిన్ని ఫోను ఆమె కళ్ళముందు పెట్టింది. ముందు పసుపు గౌను ఫోటో. అక్క మొహం ఒక్కసారిగా బిగుసుకుపోయింది.

"బ్యాండు తీశావా?" గొంతు పెద్దది కాలేదు, సన్నబడింది. "ఎన్నిసార్లు చెప్పానే నీకు? చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? అక్కడ చర్మానికి రంగుండదు, ఎండ తగిలితే కమిలిపోతుంది అని..."

"ఫోటో తీసింది గదిలోనే కదక్కా. గదిలో ఎండెక్కడిది?"

అక్క కుళాయి వైపు తిరిగి మోచేతులకి సబ్బు రుద్దుకుంది.

"ఎండకే అయితే ఇంట్లో ఎందుకు బ్యాండు? పడుకునేటప్పుడు ఎందుకు? బావ పోయిన నెల తీయబోతే చెయ్యి పట్టుకుని లాగేశావు. ఎండకేనా?"

"అడ్డమైన ప్రశ్నలు వెయ్యకు. ఆ ఫోటో తీసెయ్. ఇప్పుడే తీసెయ్, నా కళ్ళముందు."

"తీసేస్తాను. ముందు ఇది ఎవరో చెప్పు." పిన్ని తెర మార్చి, మూడో ట్యాగ్ మీద వేలు పెట్టింది.

అక్క చదివింది. కుళాయి కట్టేసింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ కట్టేసింది. సబ్బునురుగు మోచేతుల మీద అలాగే ఉంది.

"ఈ పేరు..." అంది. వంటింటి గట్టు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. పిన్ని పుట్టి బుద్ధెరిగాక అక్క నేలమీద చతికిలబడడం చూడలేదు. అమ్మ పోయినరోజు కూడా నిలబడే అందరికీ మంచినీళ్ళిచ్చిన మనిషి.

"గువ్వని అనాథాశ్రమం నుంచి తెచ్చాం అన్నావు," అంది పిన్ని. "కాగితాలున్నాయన్నావు. నేను ఎప్పుడైనా చూపించమన్నానా? అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను."

"కాగితాలున్నాయి."

"నిజమైనవేనా?"

అక్క తలెత్తి చూసింది. ఆ చూపే జవాబు.

నేలవైపు చూస్తూ, వార్డులో పేషెంటు గురించి డాక్టరుకి చెబుతున్నట్టు పొడిపొడిగా చెప్పడం మొదలుపెట్టింది.

"నేను ముందు చేసిన ఆసుపత్రిలో. పంతొమ్మిదేళ్ళ పిల్ల. పెళ్ళి కాలేదు. వాళ్ళన్నయ్య ఒక్కడే తీసుకొచ్చాడు. నొప్పులు మొదలై అప్పటికే ఒక రోజు దాటింది. జుట్టు విరబోసుకుని ఉంటే నేనే దువ్వి జడేశాను. అప్పుడు చూశాను ఆ పాయ. బిడ్డ తల బయటికి రాగానే లేచి చూసింది, అంతలోనే ఆ పిల్లకి స్పృహ తప్పింది. బిడ్డ ఏడవలేదు. నీలంగా ఉంది. డాక్టరమ్మ తల్లిని చూసుకుంటోంది, రక్తం ఆగట్లేదు. బిడ్డని నా చేతుల్లో పెట్టి, చూడు అంది. పక్కగదిలోకి తీసుకెళ్ళి ఊపిరి ఊదాను. పది నిమిషాలు ఊదానే. పదో నిమిషంలో కాళ్ళు ఆడించింది. గులాబీరంగు వచ్చింది. నా వేలు పట్టుకుంది."

ఆ వేలిని ఇంకో చేత్తో పట్టుకుంది.

"నాకప్పటికి మూడో కడుపు పోయి నెలన్నర. నీకు తెలుసు."

తెలుసు. మూడుసార్లూ పక్కన కూర్చుంది పిన్నే.

"గుమ్మం దగ్గర వాళ్ళన్నయ్య నిలబడ్డాడు. 'బతికిందా?' అన్నాడు. బతికింది బాబూ, అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. 'బతకలేదని చెప్పండి' అన్నాడు. 'దాని బతుకు నేను చూసుకోవాలి. బిడ్డని మీరేం చేసుకున్నా నాకు అక్కర్లేదు. నా చెల్లెలికి మాత్రం చచ్చిపోయిందనే చెప్పండి.' కొట్టలేదు, అరవలేదు. కూరగాయల బేరంలా మామూలుగా చెప్పాడు."

"నువ్వు సరేనన్నావు."

"రెండోరోజు ఆ పిల్లకి తెలివొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, ఎలా ఉందండీ, ఒక్కసారి చూపించరా, అంది. నేను చెప్పాను." అక్క తన చెయ్యి తనే ఒళ్ళోకి లాక్కుంది. "నీలంగా పుట్టిందమ్మా, నిలవలేదు, అన్నాను. ఆ ఒక్క ముక్కే. ఇంకేం చెప్పలేదు. మొగపిల్లాడా ఆడపిల్లా అంటే ఆడపిల్ల అన్నాను."

పిన్ని ఫోను వైపు చూసింది. #నానీలి. బిడ్డ గురించి ఆ తల్లికి దొరికింది ఒకే ఒక్క మాట. దాన్నే పేరుగా పెట్టుకుంది.

"ఆ పేరు ఆమెకిచ్చింది నేనే," అంది అక్క.

పిన్నికి అక్కని కొట్టాలనిపించింది. ఎత్తి గుండెకి హత్తుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక మంచం కోడులా నిలబడిపోయింది.

"బావకి తెలుసా?"

"తెలియదు. తెలిస్తే ఆయన ఒక్క రాత్రి నిద్రపోడు. రైలు గార్డు. వేలమంది ప్రాణాలు ఆయన జెండా మీద ఉంటాయి."

"మాట తప్పించకు."

"ఏం చెప్పమంటావే? నేను ఊదకపోతే అది నిజంగానే చచ్చిపోయేది! నా ఊపిరి దాని ఒంట్లో ఉంది!"

"బతికించింది నువ్వే. చచ్చిపోయిందని చెప్పిందీ నువ్వే." అంది పిన్ని. "ఆ పిల్ల ఆరేళ్ళు గోడకి గౌన్లు తగిలించుకుందక్కా. ఏడాదికో సైజు పెంచుకుంటూ. గువ్వ పుట్టినరోజుకి రెండు రోజుల ముందు, ప్రతి ఏడూ. ఆ రెండు రోజులు కూడా నువ్వే మార్చావు, అవునా?"

అక్క మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఎండిపోయిన నురుగు చేతుల మీద తెల్లటి చారలు కట్టింది.

"అన్నీ తీసెయ్," అంది మోకాళ్ళలోంచి. "నీ కాళ్ళు పట్టుకుంటాను. గువ్వ ఫోటోలన్నీ తీసెయ్. నీ షాపు మూసెయ్. నేను పోషిస్తాను నిన్ను."

"తీస్తే నావి పోతాయి. కొన్నవాళ్ళు గువ్వతో కలిపి తీసుకున్నవి? షాపు ముందు నిలబెట్టి తీసుకున్నవి? అన్నిటికీ అదే ట్యాగ్ ఉంది. వాటిని నేనెలా తీస్తాను? నీ చీర నీ బీరువాలో పెట్టుకున్నట్టు కాదక్కా ఇది. పేరు పెట్టిందాన్ని నేనే, కానీ దాని మీద నా పెత్తనం లేదు. ఎవరైనా నొక్కొచ్చు. ఎవరైనా తగిలించుకోవచ్చు."

"అయితే ఆవిడకి మన ఇల్లు తెలుసా?"

పిన్నికి ఆ క్షణం దాకా ఆ ఆలోచనే రాలేదు. తన ఫోటోల్లో ఏముంటుంది? గువ్వ, గౌను, వెనకాల నీలంరంగు గేటు. గేటు మీద ఇంటి నంబరు. వెలుతురు బాగుంటుందని ఎప్పుడూ అక్కడే నిలబెడుతుంది.

నోరు తెరిచి చెప్పేలోపు చేతిలో ఫోను గుర్రుమంది. #గువ్వగౌను కింద ఎవరో కొత్త ఫోటో పెట్టారు. రోజుకి నాలుగైదు వస్తూనే ఉంటాయి. పిన్ని అలవాటుకొద్దీ నొక్కింది.

పిల్ల లేదు. గౌను లేదు. నీలంరంగు గేటు. గేటు తీసుకుని లోపలికి వెళుతున్న ఒక ఆడమనిషి వీపు. తెల్ల యూనిఫాం, చేతిలో గొడుగు. ఎదురు అరుగు మీదనుంచి తీసినట్టుంది. గంటైనా కాలేదు.

కింద రాత: 'సిస్టర్ గారూ, ఆ మాట ఇంకొక్కసారి చెప్పండి. ఈసారి నా కళ్ళలోకి చూసి.'

అప్పటికే ఎవరో తల్లి, 'ఏంటిది పిన్నిగారూ? మీ ఇల్లే కదా?' అని రాసింది. ఇంకెవరో, 'ఏ సిస్టరు? ఏ మాట?' అని అడిగారు. పిన్ని చూస్తుండగానే మూడోది, నాలుగోది. పిల్లల్ని నవ్వించడానికి పెట్టిన ట్యాగ్ అది. అందులో ఇప్పుడు పెద్దవాళ్ళు గుమిగూడుతున్నారు, వీధిలో గొడవ వినబడితే గుమ్మాల్లోకి వచ్చినట్టు.

అక్క లేచి ఫోను లాక్కుని చూసింది. చూసి పరుగున ముందుగదిలోకి వెళ్ళి కిటికీ రెక్కలు మూసింది. తలుపు గడియ వేసింది. పైది కూడా వేసింది. నాలుగు గౌన్లు వేలాడుతున్న ఆ గది చీకటిపడ్డట్టయింది.

"ఎన్నాళ్ళు మూసుకుంటావు?" పిన్ని వెనకే వచ్చింది. "వస్తే రానీ. కూర్చోబెట్టి మాట్లాడదాం. నేను మాట్లాడతాను. గొడవకి వచ్చే మనిషైతే గౌను ఎందుకు సరిచేస్తుంది?"

"నువ్వు తలుపు తీస్తే నా పిల్ల నాకు దక్కదు."

"తియ్యకపోతే దక్కుతుందా?"

అప్పుడు తలుపు కొట్టిన చప్పుడు అయింది. గట్టిగా కాదు. వేలి కణుపుతో, రెండుసార్లు.

అక్క పిన్ని భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి. 'వద్దు' అని పెదవులతోనే అంది. పిన్ని ఆ చేతిని నెమ్మదిగా విడిపించుకుంది. ఆరేళ్ళు గోడతో మాట్లాడిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం ఆమెవల్ల కాలేదు. పై గడియ తీసింది. కింది గడియ మీద చెయ్యి వేసింది.

"గౌన్లు కుట్టే ఇల్లు ఇదేనా అమ్మా?"

బయట ఉన్నది మగమనిషి.

తొందర లేని, మర్యాదైన గొంతు. పిన్ని చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. వెనక్కి చూసింది. అక్క గోడకి అంటుకుపోయి ఉంది. ఒక్క మాట గాలిలా బయటికి వచ్చింది.

"అతనే. వాళ్ళన్నయ్య."

"మా చెల్లెలు ఏవో ఫోటోలు పెడుతోందని ఇవాళే తెలిసింది," అంది తలుపవతలి గొంతు. "అందులో ఉన్న పేర్లు నొక్కుకుంటూ వచ్చాను. పొద్దున్నే ఇంట్లోంచి వెళ్ళిపోయింది. చిన్నపిల్ల గౌను ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్ళింది. ఇక్కడికి రాలేదా?"

పిన్ని గడియ మీంచి చెయ్యి తీసింది.

అతను తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగినట్టు చెక్క కిర్రుమంది. గొంతు తగ్గింది.

"లోపలే ఉన్నారని తెలుసు సిస్టర్ గారూ. మీ మీద నాకేం కోపం లేదు. ఒక్కటి చెప్పండి చాలు. పాప ఇప్పుడు ఏ స్కూల్లో ఉంది?"